చేతులు వెనక పెట్టుకుని

మా ఇంట్లో నా కళ్ళకు పరీక్ష పెట్టేది మగ్గం.

నిలువు దారాల కొత్త పడుగు వచ్చిన ప్రతిసారీ దాని దారాలను మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. మా వీధిలో అది ఆడపిల్లల పని. వేళ్ళకు పొయ్యి బూడిద అద్దుకుని, పాత దారం, కొత్త దారం పక్కపక్కన పట్టుకుని మెలి తిప్పి మడిచేస్తే రెండూ ఒకటైపోతాయి. దారాలన్నీ కర్రల మధ్య వరసగా ఉంటాయి కాబట్టి వేలు ఒకదాని తరువాత ఒకటి అందుకుంటూ పోతుంది. నేను అతికి లేచాక నాయన వచ్చి పడుగును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమి చూసేవాడు. ఒక్క దారం కూడా తప్పి ఉండేది కాదు.

"నా బిడ్డ కంటికి ఏమీ లేదు" అనేవాడు, వీధిలోకి వినబడేలా.

నా కుడి కంట్లో రింగులున్నాయి. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది కదా, అది నాకు గుండ్రంగా ఉండకుండా సన్నబడి, శంకులాగా ముందుకు పొడుచుకొచ్చింది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు చెన్నై దారిలో ఆవడి దాటాక ఉన్న పెద్ద కంటాసుపత్రిలో ఆ పొర లోపల గోటిముక్కంత సన్నటి ప్లాస్టిక్ వంపులు రెండు పెట్టి దాన్ని అణిచారు. అంతకు ముందు నల్లబల్ల మీద ఒక గీత గీస్తే నాకు మూడు కనబడేవి. వీధి దీపానికి తోక ఉండేది. అందరికీ అట్లాగే ఉంటుందనుకుని నేను ఎవరితోనూ చెప్పలేదు. ఎడమ కంటికి అప్పట్లో జబ్బు కొంచెమే ఉంది. దాన్ని ఏటేటా చూపించుకుంటూ ఉండమన్నారు.

ఆపరేషన్ తరువాత కళ్ళజోడు కూడా ఇచ్చారు. అది పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు దేవకి అత్త గడపలోనే నిలబడి ఉంది. ఆమె మా నాయనకు అక్క. మా పక్క ఇల్లే.

"కోసి, రింగు పెట్టి, మళ్ళా కన్నాడి గూడానా? అట్లయితే కోసింది ఎందుకురా వేలాయుధం?" అంది.

కొన్నాళ్ళకు నేను కళ్ళజోడు తీసేసి పడుగు అతికాను. ఆ రోజు నాయన ముఖంలో వచ్చిన వెలుగు నాకు కళ్ళజోడు లేకుండానే కనబడింది. ఆ తరువాత కళ్ళజోడు దాని పెట్టెలోకి, పెట్టె అటక మీదికి వెళ్ళిపోయాయి. ఎవరూ పెట్టమనలేదు, తీయమనలేదు. మొదటి మూడేళ్ళు, ఆ ఒక్క రోజుకు కళ్ళజోడు దింపి పెట్టుకుని, ఆసుపత్రికి వెళ్ళి చూపించుకున్నాం. తరువాత వాళ్ళు ఫోన్ చేస్తే నాయన, "బాగుండాది సార్, దారం అతుకుతా ఉండాది" అని చెప్పేవాడు.

ఈ ఏడు సెలవులయ్యి నేను ప్లస్ టూలోకి వచ్చిన వారంలో తిరువళ్ళూరు నుంచి వరదరాజులు గారు ఫోన్ చేశారు. ఆయన అక్కడ సేవా సంఘం నడుపుతారు. కల్యాణ మండపంలో కంటి శిబిరం పెడుతున్నారట. నాకు వచ్చిన జబ్బే వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఆపరేషన్ అంటే భయపడుతున్నారట. అయిదేళ్ళ కింద చేయించుకున్న పాపను చూస్తే ధైర్యం వస్తుందని అడిగారు.

"మైకులో మాట్లాడల్లా అంటే నేను రాను" అన్నాను.

"నువ్వు మాట్లాడేదేముంది? నీ చేయి మాట్లాడతాది" అన్నాడు నాయన. 

ఆ సాయంత్రమే ఒక చెక్కకు పాత పడుగు కొస, కొత్త పడుగు కొస బిగించాడు. బూడిదను జల్లెడ పట్టి పొట్లం కట్టాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చలికాలం నుంచి ఎడమ కన్ను బాగా మసకబారింది. కుడి కంటికి కూడా కళ్ళజోడు లేకుండా తెల్ల దారం మీద తెల్ల దారం పొగలాగే ఉంటుంది. కానీ నాయన పొట్లం కడుతూ పాట పాడుతున్నాడు. ఆయన పాడి చాలా రోజులైంది. నేను డైరీ తీసి, ఆ రోజు వాన పడిందని మాత్రం రాశాను.

*

మండపం నిండా జనం. వేదిక మీద కుర్చీలు, గోడకు గుడ్డ బ్యానరు. దాని మీద ఒక కన్ను బొమ్మ ఉందని పక్కనున్నవాళ్ళు అనుకుంటుంటే తెలిసింది.

వరదరాజులు గారు నా చేయి పట్టుకుని ముందుకు తెచ్చారు. "అయిదేండ్ల ముందర ఈ పాపకు అక్షరం కనబడలేదు. ఈ దినం కన్నాడి గూడా లేదు, చూసుకోండి" అన్నారు మైకులో, సగం తమిళంలో, సగం తెలుగులో.

నాయన తెల్ల పంచెలో పైకి వచ్చి చెక్కను బల్ల మీద పెట్టి, పొట్లం విప్పి నా వైపు చాచాడు. వరదరాజులు గారు దాన్ని తిరుత్తణి కొండ మీది విభూతి అనుకున్నారు. రెండు చేతులా తీసుకుని, కళ్ళు మూసుకుని, నుదుటి నిండా పూసుకున్నారు.

"సామీ... అది పొయ్యి బూడిద. దారానికి" అన్నాడు నాయన చిన్నగా.

మైకు ఆ మాటను మండపమంతా వినిపించింది. జనం పగలబడి నవ్వారు. వరదరాజులు గారు కూడా నవ్వారు. నాకు సంతోషమేసింది. ఆ కాసేపు ఎవరూ నన్ను చూడలేదు.

తరువాత చూశారు. నేను వేళ్ళకు బూడిద అద్దుకుని కూర్చున్నాను. ముఖం దారాల వైపే పెట్టాను. కనబడుతున్నది ఒక తెల్లటి మసక. వేలు మాత్రం దాని దారిన అది పోయింది. అందుకోవడం, మెలిపెట్టడం, మడవడం. వరస పూర్తయ్యాక నాయన చెక్కను పైకెత్తి చూపించాడు. పడుగు తెగకుండా వేలాడింది. చప్పట్లు మొదలయ్యాయి. నా చెవులు వేడెక్కాయి. నాయన పంచె కొసతో కళ్ళు తుడుచుకోవడం తెలుస్తూనే ఉంది. నేను తల వంచుకుని, బూడిద వేళ్ళను పావడాకు తుడుచుకుంటూ ఉండిపోయాను. అందరూ దాన్ని సిగ్గు అనుకున్నారు. సిగ్గే. వాళ్ళు అనుకున్న సిగ్గు కాదు.

కిందికి దిగగానే ముందు వరసలోని ఒకామె వచ్చి నా గడ్డం పట్టుకుని కంట్లోకి చూసింది. ఆమె పేరు మంజు. కనకమ్మ సత్రం కూడలిలో ఆమెకు సరుకుల అంగడి ఉంది. పక్కన ఆమె కూతురు మనస్వి ఉంది. నేను ఆపరేషన్ చేయించుకున్నప్పటి ఈడే.

"రింగు యాడుండాది? కనబడదే" అంది మంజు.

"పక్కనించి లైట్ ఏస్తే తెలుస్తాది" అన్నాడు నాయన, నా బదులు.

"మా పాపకు చేపించేస్తానన్నా. ఆరు నెలలుగా డాక్టర్ చెప్తానే ఉండాడు, నాకే గుండె రాలా. ఈయమ్మిని చూసినంక ధైర్యం వచ్చింది."

నాయన నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి చాలా బరువుగా ఉంది.

*

భోజనాలు వెనక వరండాలో. మనస్వి సాంబారు సాదం ప్లేటుతో వచ్చి నా పక్కనే కూర్చుంది. కాసేపు తిని, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నువ్వు చూడలా గదా?"

"ఏంది?"

"దారం. నీ చేయి ముందర పోయింది, కండ్లు ఎనక పోయినాయి. నేను గూడా అంతే. అంగట్లో కందిపప్పు ఏది, శనగపప్పు ఏది అని వేలు పెట్టి కనుక్కుంటా. అమ్మకు తెలవదు. నువ్వు చెప్పొద్దు."

నేను ముద్ద కలపడం ఆపి దాని వైపు తిరిగాను.

"అయితే ఆపరేషన్ చేసినంక గూడా అట్లే ఉంటాదా అక్కా? చెప్పు, నేను భయపడను."

నేను నీళ్ళు తాగాను. లేదని చెప్పలేకపోయాను. అవునని కూడా చెప్పలేకపోయాను. లోపల ఆసుపత్రి వాళ్ళు పరీక్షలు మొదలుపెట్టారని ఎవరో పిలిస్తే మనస్వి లేచి వెళ్ళి వరసలో నిలబడింది. నేను చేయి కడుక్కుని వెళ్ళి దాని వెనక నిలబడ్డాను.

నాయన వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో చెక్క అట్లాగే ఉంది.

"అబీ, ఇది పేషంట్ల లైను. నువ్వు రా, ఫోటో తీస్తారంట."

నేను కదలలేదు.

"ఏమే, వినబడలా?"

"వినబడింది నాయనా."

మనస్వి జడ వైపు చూస్తూ నిలబడ్డాను. నాయన కూడా కాసేపు నిలబడ్డాడు. తరువాత పక్కకు జరిగి గోడను ఆనుకున్నాడు. ఫోటో వాళ్ళు పిలిచినా వెళ్ళలేదు.

నా వంతు వచ్చింది. పరీక్ష చేసే సింధూర అక్క నన్ను కూడా మనస్వి ఈడు పిల్లలాగే బుజ్జగిస్తూ కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూసింది. ఎదురుగా గోడ మీద తమిళ అక్షరాలు. పైవి చదివాను. కిందికి పోయేకొద్దీ అక్షరాలకు తోకలు వచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తరువాత కుడి కన్ను మూసింది.

"పైన పెద్దది ఏమిటమ్మా?"

"ఏదో ఉందని తెలుస్తుంది అక్కా. ఏదో తెలియదు."

"అంత పెద్ద అక్షరం తెలియలేదా?" అంది, గట్టిగా. పాపం, ఆమె గొంతే అంత.

"మూడు కనబడుతున్నాయి."

వెనక మాటలు ఆగిపోయాయి. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళే అందరూ. నేను తిరిగి చూడలేదు. మంజు అక్క గొంతు మాత్రం వినబడింది.

"అయిదేండ్లకు మళ్ళీ ఇంతేనా? దీనికా కోసేది? మనస్వీ, లెయ్, పోదాం."

"అమ్మా, ఉండమ్మా, డాక్టర్ గారు కాసేపట్లో వస్తారు" అంటూ వరదరాజులు గారు అడ్డం వచ్చారు.

"ముందర మీ నుదురు తుడుచుకోండయ్యా. బూడిద ఏదో, విభూతి ఏదో తెలవలా మీకు. మా బిడ్డ కన్ను గురించి మీరు చెప్తారా?"

ఆమె మనస్వి రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. మనస్వి వెనక్కి తిరిగి చూసిందో లేదో నాకు కనబడలేదు.

*

బస్సులో నాయన చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కనకమ్మ సత్రం దాటాక అడిగాడు.

"ఎప్పటినించి?"

"ఎడమది చలికాలం నించి. కుడిది కన్నాడి ఏసుకుంటే బాగనే ఉంటాది."

"మరి కన్నాడి?"

అది ఎక్కడ ఉందో ఆయనకూ తెలుసు. తిరుత్తణి వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ వచ్చాం.

ఇంట్లో సంగతి వినగానే అమ్మ స్టూలు వేసుకుని అటక మీది పెట్టె దింపింది. దుమ్మును చీర చెంగుతో తుడుస్తూ ఉంటే దేవకి అత్త వచ్చింది. తిరువళ్ళూరు మాట ఆమెకు అప్పటికే ఎవరో ఫోన్‌లో చేరవేశారు.

"అంతమంది ముందర మీ నాయన తల దించేసినావు గదే. ఇంటికొచ్చి చెప్పుకోకూడదా?"

నేను మగ్గం గుంట పక్కన ముడుచుకుని కూర్చున్నాను. ఆమె అన్నది నిజమే. నేను మండపానికి పోకముందు చెప్పి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

"దించిన తల మెడ మీదనే ఉండాది లే వదినా" అంది అమ్మ. "కన్ను పోతే యాడనించి తెచ్చేది?" కళ్ళజోడు నా చెవులకు తగిలించింది. అద్దాల వెనక అమ్మ ముఖం కుడి కంటికి ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. చెంప మీద ఒక కొత్త మచ్చ. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. అడగడానికి సిగ్గేసింది.

*

ఆవడి ఆసుపత్రిలో, నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ కంప్యూటర్ మీద నా రెండు కళ్ళ పటాలు పెట్టింది. కుడిది పచ్చగా, అక్కడక్కడ పసుపు. ఎడమది మధ్యలో ఎర్రగా, పుండులాగా.

"కుడి కన్ను అయిదేళ్ళ కిందటి దానితో పోలిస్తే కదలలేదు. రింగు దాని పని అది చేస్తోంది" అంది. "కానీ రింగు పెడితే కళ్ళజోడు అక్కర్లేదని నేనెప్పుడూ చెప్పలేదే? పొరను సర్దడం రింగు పని. మిగిలిన చూపు అద్దం ఇవ్వాలి. ఎడమ కన్ను మీరు రాని రెండేళ్ళలో చాలా ముందుకు పోయింది. వచ్చి ఉంటే అప్పుడే ఆపి ఉండేవాళ్ళం. కళ్ళు రుద్దుతావా?"

"లేదు మేడం" అన్నాను.

"రుద్దుతాది మేడం" అన్నాడు నాయన. "మగ్గం కాడ దూది పొట్టు లేస్తాది. నిద్ర లేచినంక గూడా రుద్దుతాది, మడమను రాయితో రుద్దినట్టు."

నేను నేలకేసి చూశాను. అంత గమనించిన మనిషి ఎప్పుడూ ఒక్క మాటా అనలేదు.

"రుద్దకూడదు. ఆ పొరకు అదే పెద్ద శత్రువు" అంది డాక్టరమ్మ. "ఫోన్ చేస్తే బాగుంది అన్నారట కదా. ఎట్లా అనుకున్నారు?"

నాయన రెండు చేతులూ ఎత్తి గాల్లో దారం అతికి చూపించాడు. ఒక్కటి కూడా తప్పదు మేడం అన్నాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. చేతులు గాల్లోనే ఉన్నాయి. తన వేళ్ళను తానే చూసుకున్నాడు. ఆయన పడుగును ఎప్పుడూ తడిమే చూసేవాడు. ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. చేతులు మెల్లగా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎడమ కంట్లో మందు చుక్కలు వేసి నీలి వెలుతురు పట్టిస్తే పొర గట్టిపడుతుందని, పోయిన చూపు పూర్తిగా రాదు కానీ ఇంకా పోకుండా ఆగుతుందని డాక్టరమ్మ చెప్పింది. రింగు సంగతి తరువాత చూద్దామంది. ఏటేటా రావడం మాత్రం ఇక మానకూడదంది.

తిరుగు ప్రయాణంలో నాయన రైల్లో తిరుత్తణి దాకా రాకుండా తిరువళ్ళూరులోనే దిగి బస్సు ఎక్కించాడు.

"సత్రంలో దిగుదాము. ఆయమ్మ అంగట్లో మాట్లాడాల."

"వద్దు నాయనా. సిగ్గుగా ఉండాది."

"నాకు లేదా?" అన్నాడు.

*

మంజు అక్క అంగట్లో బెల్లం తూస్తూ ఉంది. మమ్మల్ని చూసి, ఎప్పుడూ చూడనట్టు, "ఏం కావాల?" అంది. 

నాయన చెప్పులు బయటే విడిచాడు. అంగడి ముందు ఎవరూ చెప్పులు విడవరు.

"అమ్మా, ఆ దినం మా బిడ్డ దారం అతికింది చేత్తో. కంటితో గాదు. అది నాకే తెలవదు. రింగు పెట్టిన కన్ను బాగనే ఉండాదంట. కన్నాడిని అటక మీద పెట్టింది మేము. ఆస్పత్రికి పోకుండా మానుకున్నది నేను. ఇన్నాళ్ళూ దారాన్ని చూసినా గానీ బిడ్డను చూడలా."

బెల్లం కొనే ముసలాయన సంచీ పట్టుకుని వింటూ నిలబడిపోయాడు. మా నాయన ఎవరి ముందరా అట్లా మాట్లాడటం నేను వినలేదు. పంచె కొస వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

మంజు అక్క ఆయన్ను చూడలేదు. నన్ను చూసింది. "మీ నాయన గాదు. నువ్వు చెప్పు."

కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. సర్దుకున్నాను.

"ముందర ఆస్పత్రిలో ఏ అద్దం పెట్టినా మూడు కనబడేది. ఇప్పుడు కుడి కంటికి కన్నాడి ఏస్తే ఒకటే. తీస్తే మళ్ళా తోకలు."

"అంతేనా?"

"అంతే అక్కా. బాగైతాది. పూర్తిగా గాదు. మళ్ళా మళ్ళా పోవాల."

"నొప్పి?"

"మొదట్లో ఇసక పడినట్టు ఉంటాది. అప్పురం పోతాది."

"ఈ మాటే ఆ మైకులో చెప్పింటే ఏం పోయేది నీకు?"

లోపలి గదిలోంచి మనస్వి తొంగి చూసింది. మంజు అక్క మళ్ళీ తక్కెడ వైపు తిరిగింది. "మా పాపకు మీ అంత లేదు లే. అంగట్లో సరుకంతా అదే ఇస్తాది. ఇంగ కొన్నాళ్ళు చూస్తాం" అంది. 

ఆ మాట మా నాయన మాటలాగే ఉంది. మనస్వి చెప్పొద్దన్నది నేను చెప్పేశాను.

"చేత్తో కనుక్కుంటాది అక్కా. పప్పులు."

మనస్వి ముఖం మాడిపోయింది. కళ్ళజోడు ఉంది కాబట్టి నాకది బాగా కనబడింది.

మంజు అక్క తక్కెడ దించింది. రెండు డబ్బాల మూతలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"మనస్వీ, ఇట్లా రా. చేతులు ఎనక పెట్టుకో. శనగపప్పు ఏది?"

మనస్వి చేతులు వెనక పెట్టుకుంది. ముందుకు వంగింది. ఇంకా వంగింది. ముక్కు డబ్బాకు తగిలేంత దగ్గరికి వెళ్ళి, ఆగి, "ఇది" అంది. 

అది కందిపప్పు. ముసలాయన పాపం అన్నట్టు నాలిక చప్పరించాడు. మంజు అక్క మూతలు పెట్టేసింది. కొంగుతో కూతురి ముక్కుకు అంటిన పప్పు పొట్టు తుడిచింది. తరువాత మాకు రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పెట్టింది. మనస్వి నా వైపు చూడలేదు.

*

తమిళుల ఆడి నెల వచ్చింది. నా ఎడమ కంటికి నీలి వెలుతురు పట్టించారు. కొన్ని రోజులు చీకటి గదిలో పడుకుని, రోడ్డు మీద కావళ్ళ మోత వింటూ గడిపాను. తిరుత్తణి కొండకు మొక్కు కావళ్ళతో పోయే జనం పాడుకుంటూ, డప్పులు కొట్టుకుంటూ మా ఊరి మీదుగానే పోతారు. కన్ను దురద పెట్టినప్పుడల్లా చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెట్టింది.

"నీతో నేను మాట్లాడను. పప్పు మాట చెప్పేసినావు" అంది మనస్వి.

"సరే."

"ఇసక అన్నావే. ఇసక గాదు, మిరపకాయ."

"రెండు దినాలు ఓర్చుకో."

"ఓర్చుకుంటాను. నీతో మాట్లాడను" అని, రింగు ఏ కంట్లో పెట్టారో, పట్టీ ఎట్లా ఉందో, పక్క మంచంలో పిల్ల ఎంత ఏడ్చిందో చాలాసేపు చెప్పింది.

కొండ మీద ఆడికృత్తిక పండుగ అయిన మరుసటి వారం కొత్త పడుగు వచ్చింది. నేను బూడిద గిన్నె తెచ్చుకుని కూర్చోబోతుంటే నాయన ఆపాడు. ఏవో దారాలు తెంపి వేళ్ళ మధ్య పట్టుకుని, వెలుతురుకు ఎత్తాడు.

"చేతులు ఎనక పెట్టుకో. ఎన్ని?"

కళ్ళజోడు సర్దుకుని చేతులు వెనక పెట్టుకున్నాను. "కుడి కంటికి రెండు."

"ఎడమకు?"

చెప్పడానికి అప్పటికీ సిగ్గుగానే ఉంది. "లెక్క తెలవడం లేదు నాయనా. కలిసిపోయినాయి."

దేవకి అత్త గడపలో నిలబడి ఉంది. "ఏమయిందిరా? బాగయిందా?"

వీధిలోకి వినబడేలా చెప్పే మనిషి మా నాయన. అప్పుడూ అలాగే చెప్పాడు. "ఒకటి బాగుండాది అక్కా. ఇంగొకటి లేదు. చూపించుకుంటా ఉండాల."

నేను కూర్చుని అతకడం మొదలుపెట్టాను. ఈసారి చూస్తూ అతికాను. చూస్తూ అతకడం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. కన్ను ఒక దారం మీద ఉంటే వేలు ఇంకోదాని మీదికి పోయేది. మధ్యాహ్నానికి అయిపోవాల్సింది సాయంత్రం దాకా పట్టింది. లేవబోతుంటే నాయన వచ్చాడు. పడుగును తడమలేదు. వంగి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కళ్ళతో చూశాడు. ఒకచోట ఆగాడు.

"ఒకటి పోయింది" అన్నాడు.

మొదటిసారి నేను ఒక దారం వదిలేశాను. ఎక్కడని అడిగాను. ఆయన వేలు పెట్టి చూపించలేదు. నా పక్కనే నేల మీద కూర్చుని, చేతులు రెండూ వెనక పెట్టుకుని, నేను కనుక్కునేదాకా ఆగాడు.